నెల రోజుల కొలువు, ఒక్క కాగితం

బైలదిలా కొండల పాదాన ఉన్న బచేలి పట్టణంలో రెండు రకాల కొలువులు పక్కపక్కనే కనిపిస్తాయి. కొండ మీది ఇనుప ఖనిజ గనిలో స్థిర ఉద్యోగికి నియామక పత్రం ఉంటుంది. హాజరు పట్టీ, జీతం చీటీ, అదనపు గంటలకు లెక్క ఉంటాయి. కొండ దిగి బజారులోకి వస్తే పరిస్థితి వేరు. దసరాకు ముందు చేరి దీపావళి మరునాడు ఇంటికి వెళ్లిపోయే దుకాణం పనివారి వద్ద, దేశంలోని అనేక చిన్న పట్టణాలలో మాదిరిగానే, వీటిలో ఒక్క కాగితమూ ఉండడం అరుదు. వారి ఉద్యోగం నోటి మాటతో మొదలై నోటి మాటతోనే ముగుస్తుంది.

ఇంతకాలం ఈ తేడాను అలవాటుగా చూశారు. ఇకపై అలా చూడడం సాధ్యం కాదు. కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లను అమలులోకి తెచ్చింది. ఆ ఏడాది దీపావళి అక్టోబరు 20న వచ్చింది. అంటే పండుగ బేరాలు ముగిసిన నెల రోజులకు చట్టం మారింది. కొత్త చట్టాల వెలుగులో జరగబోయే తొలి దసరా, దీపావళి సీజను 2026లోనిదే. విజయదశమి అక్టోబరు 20న, దీపావళి నవంబరు 8న వస్తున్నాయి. ఆలోగా దుకాణాల్లో జరగవలసిన ముఖ్యమైన మార్పు ఒక్కటే. పండుగ పనికి కుదిరే ప్రతి ఒక్కరి చేతికీ రాతపూర్వక ఒప్పందం అందాలి. అది ఉన్నప్పుడు చట్టం ఇచ్చేదానికీ, లేనప్పుడు ఇచ్చేదానికీ మధ్య అంతరం చాలా పెద్దది.

బజారు నిండే వేళ

బచేలి గని పట్టణం. హైదరాబాదు ప్రధాన కేంద్రంగా ఉన్న జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఇక్కడి 5వ నంబరు నిక్షేపంలో 1977లో ఉత్పత్తి ప్రారంభించింది. అంతకుముందే, 1960లలో, ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చేందుకు కొత్తవలస నుంచి కిరండోల్ వరకు రైలు మార్గం వేశారు. ఆ మార్గం వెంట ఖనిజం సముద్రం వైపు వెళ్లగా, ఉద్యోగాల కోసం తెలుగు కుటుంబాలు కొండల వైపు వచ్చాయి. హల్బీ, గోండి, హిందీ, ఛత్తీస్‌గఢీతో పాటు తెలుగు కూడా వినిపించే ఊరుగా బచేలి రూపొందింది ఇందువల్లనే.

పండుగల విషయంలోనూ ఈ కలయిక కనిపిస్తుంది. బస్తర్ దసరా 75 రోజుల ఉత్సవం. హరేలీ అమావాస్యతో మొదలయ్యే ఆ ఉత్సవానికి దంతెవాడ నుంచి దంతేశ్వరీ దేవి జగదల్‌పూర్‌కు తరలి వెళుతుంది. తెలుగు ఇళ్లలో శ్రావణ మాసపు కొనుగోళ్లు, దసరా, దీపావళి, ఆపై సంక్రాంతి. ఉద్యోగుల చేతిలో డబ్బు ఆడే కాలం కూడా ఇదే. రైల్వే ఉద్యోగులకు 78 రోజుల వేతనానికి సమానమైన ఉత్పాదకతా బోనస్‌ను కేంద్ర మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదించింది. సుమారు 10.91 లక్షల మందికి, ఒక్కొక్కరికి గరిష్ఠంగా 17,951 రూపాయలు అందేలా ఆ నిర్ణయం జరిగింది. అదే నెల 22 నుంచి వస్తు సేవల పన్ను రేట్లు తగ్గడంతో పండుగ కొనుగోళ్లకు మరింత ఊపు వచ్చింది.

ఇలా బోనస్‌గా అందిన డబ్బు చివరకు చేరేది బట్టల దుకాణానికి, చెప్పుల దుకాణానికి, మిఠాయి అంగడికి, ఫ్రిజ్‌లూ టీవీలూ అమ్మే షాపుకు. అక్కడ ఆ గిరాకీని అందుకోవడానికి ఉన్న మనుషులు చాలరు. కాబట్టి ముగ్గురో నలుగురో అదనంగా కావాలి. కళాశాల విద్యార్థులు, పొలం పనికి విరామం దొరికిన యువకులు, ఇంటి అవసరానికి నాలుగు రాళ్లు సంపాదించుకోవాలనుకునే మహిళలు ఆ ఖాళీలను నింపుతారు. బోనస్ అందుకున్నవారికి చీర విప్పి చూపే వ్యక్తికి మాత్రం బోనస్ అన్న మాట వర్తించదు. ఎందుకు వర్తించదో తెలుసుకోవాలంటే చట్టం లెక్కపెట్టే తీరును చూడాలి.

మనుషుల లెక్క, రోజుల లెక్క

భారతీయ కార్మిక చట్టాలు హక్కులను ప్రధానంగా రెండు కొలతలతో పంచుతాయి. మొదటిది సంస్థలో ఎంతమంది పనిచేస్తున్నారన్నది. రెండవది ఒక వ్యక్తి ఎన్ని రోజులు పనిచేశాడన్నది. పండుగ పనివారు సాధారణంగా ఈ రెండింటిలోనూ తక్కువ పడతారు.

ఛత్తీస్‌గఢ్‌లో దుకాణాలు, సంస్థలకు సంబంధించిన 2017 నాటి చట్టం 2025 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చింది. 1958 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం పదిమంది లేదా అంతకు మించి పనివారున్న దుకాణాలకే వర్తిస్తుంది. పాత చట్టానికి అటువంటి పరిమితి లేదు. బచేలి వంటి ఊళ్లలో పదిమంది పనివారుండే దుకాణాలు ఎన్నో ఉండవు. చిన్న వ్యాపారికి రిజిస్ట్రేషన్ల భారం తగ్గించడం ప్రభుత్వ ఉద్దేశం కావచ్చు. కానీ అదే సమయంలో అక్కడి పనివారికి రాష్ట్ర దుకాణాల చట్టం ఇచ్చే రక్షణ దూరమైంది.

కేంద్ర కోడ్‌లలోనూ ఇటువంటి గీతలే ఉన్నాయి. ఉద్యోగుల రాజ్య బీమాకు పదిమంది, భవిష్య నిధికి ఇరవై మంది ఉండాలి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని చెప్పే భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా పదిమంది ఉన్న సంస్థలతోనే మొదలవుతుంది. బోనస్‌కు సంస్థలో ఇరవై మంది ఉండాలి, ఉద్యోగి ఆ ఏడాదిలో కనీసం ముప్పై రోజులు పనిచేసి ఉండాలి.

బోనస్ నిబంధనలో ఒక విచిత్రం దాగి ఉంది. ఆర్థిక సంవత్సరంలో ఏ ఒక్క రోజైనా ఇరవై మంది పనిచేసి ఉంటే చాలు, ఆ సంస్థకు బోనస్ నిబంధన వర్తిస్తుంది. పదహారు మంది శాశ్వత సిబ్బంది ఉన్న ఒక వస్త్ర దుకాణం దసరాకు మరో ఐదుగురిని తీసుకుందనుకుందాం. లెక్క ఇరవై ఒకటి అవుతుంది. ఆ ఐదుగురి రాకతో పదహారు మందికి బోనస్ అర్హత ఏర్పడుతుంది. ఇరవై ఆరు రోజులు పనిచేసి వెళ్లిపోయిన ఆ ఐదుగురికి మాత్రం, ముప్పై రోజులు నిండలేదు కనుక, ఏమీ రాదు. పక్కవారికి హక్కు తెచ్చిపెట్టినవారే హక్కుకు దూరంగా మిగిలిపోతారు.

లెక్కతో పనిలేని హక్కులు

అయితే పండుగ పనివారికి చట్టంలో చోటే లేదనుకోవడం పొరపాటు. వేతనాల కోడ్ కనీస వేతనాన్ని ప్రతి ఉద్యోగికీ వర్తింపజేసింది. దుకాణంలో ఇద్దరే ఉన్నా, పని పది రోజులే అయినా ఆ హక్కుకు భంగం లేదు. ఒకే పనికి స్త్రీకి ఒక రేటు, పురుషుడికి ఒక రేటు ఇవ్వడం నిషిద్ధం. ఛత్తీస్‌గఢ్‌లో కనీస వేతనంలోని కరువు భత్యాన్ని ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో సవరిస్తారు. అక్టోబరు సవరణ సరిగ్గా పండుగ నియామకాల వేళకే వస్తుంది. సెప్టెంబరులో మాట్లాడుకున్న రేటు అక్టోబరులో చట్టబద్ధమైన కనీస మొత్తానికి దిగువన పడే అవకాశం ఉందని పనివారికి, యజమానికి ఇద్దరికీ తెలిసి ఉండాలి.

అదనపు గంటల సంగతి ఇంకా ముఖ్యం. సాధారణ పనిదినానికి మించి చేసిన పనికి కనీసం రెట్టింపు రేటు ఇవ్వాలని కోడ్ చెబుతోంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎనిమిది గంటల పనికి రోజుకు 400 రూపాయలుగా కుదిరితే గంటకు 50 రూపాయలు అవుతుంది. పండుగ రద్దీలో, విశ్రాంతి వేళ పోను, పన్నెండు గంటలు పనిచేస్తే అదనపు నాలుగు గంటలకు గంటకు వంద చొప్పున మరో 400 రావాలి. అంటే పన్నెండు గంటల పనికి చట్టం ప్రకారం రెండు రోజుల వేతనం. ఇరవై ఆరు రోజులు ఇలాగే సాగితే రావలసిన మొత్తం 20,800 రూపాయలు. అదనపు గంటలను లెక్కలోకి తీసుకోకుండా 10,400 చేతిలో పెడితే, పనివారు సరిగ్గా సగం కోల్పోయినట్లే. రోజు కూలీ ఎంత అన్నదాని మీద జరిగే బేరం, గంటలు ఎన్ని అన్నదాని మీద జరగకపోవడమే ఈ నష్టానికి మూలం.

చెల్లింపు గడువు కూడా చట్టంలో స్పష్టంగా ఉంది. రోజువారీ వేతనమైతే ఆ రోజు పని ముగిసేసరికి, వారానికైతే వారంలోని చివరి పనిదినాన, నెలకైతే మరుసటి నెల ఏడో తేదీలోగా చెల్లించాలి. పనిలోంచి తీసివేసినా, స్వయంగా మానుకున్నా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. దీపావళి అయ్యాక చూద్దాం అనే మాటకు చట్టంలో స్థానం లేదు. సరుకు లెక్క తగ్గిందని కౌంటరులో ఉన్నవారందరి కూలీలోంచి తలా ఇంత కోసివేయడానికీ వీలులేదు. అప్పగించిన సరుకు ఆ వ్యక్తి నిర్లక్ష్యం వల్లనే పోయిందని తేలాలి, వివరణకు అవకాశం ఇవ్వాలి, కోత జరిగిన నష్టాన్ని మించరాదు.

కాగితం మార్చేది ఇదే

ఈ హక్కులన్నీ కాగితం లేకున్నా ఉంటాయి. కానీ పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోని నిర్ణీత కాల ఉద్యోగం అనే భావన కాగితంతోనే మొదలవుతుంది. రాతపూర్వక ఒప్పందంతో, ఒక నిర్ణీత కాలానికి నియమితుడైన వ్యక్తి పని గంటలు, వేతనం, భత్యాలు అదే పని చేసే శాశ్వత కార్మికుడికంటే తక్కువగా ఉండకూడదు. చట్టబద్ధ ప్రయోజనాలన్నీ పనిచేసిన కాలానికి తగిన నిష్పత్తిలో అందాలి. ఒక ప్రయోజనానికి చట్టం నిర్దేశించిన అర్హతా కాలం పూర్తి కాకపోయినా సరే అందాలని ఆ నిర్వచనం చెబుతోంది.

పండుగ పనివారికి ఇంతకంటే విలువైన వాక్యం కొత్త చట్టాల్లో మరొకటి లేదు. పై ఉదాహరణలోని ఇరవై ఒక్కమంది దుకాణానికే తిరిగి వెళదాం. ఆ ఐదుగురు నోటి మాటతో చేరితే ముప్పై రోజుల నియమం వారికి అడ్డు. అదే ఐదుగురు ఇరవై ఆరు రోజులకు రాతపూర్వక ఒప్పందంతో చేరితే, నిష్పత్తి సూత్రం ప్రకారం బోనస్‌లో వాటా కోరే ఆధారం వారికి దక్కుతుంది. 10,400 రూపాయల మూల వేతనం మీద 8.33 శాతం కనీస బోనస్ అంటే సుమారు 866 రూపాయలు. మొత్తం చిన్నదే. కానీ ఆ కాగితం మీద తేదీలు, పని గంటలు, రేటు రాసి ఉంటాయి కనుక, పైన చెప్పిన అదనపు గంటల పదివేల నాలుగు వందల రూపాయలకు కూడా అదే సాక్ష్యమవుతుంది. అసలు లాభం అక్కడ ఉంది.

వివాదం వచ్చినప్పుడు ఈ సాక్ష్యం విలువ మరింత తెలుస్తుంది. వేతనం చెల్లించామని నిరూపించే బాధ్యతను వేతనాల కోడ్ యజమానిపైనే ఉంచింది. మూడేళ్లలోపు క్లెయిము దాఖలు చేయవచ్చు. రావలసిన మొత్తానికి పది రెట్ల వరకు పరిహారం విధించే అధికారం విచారణాధికారికి ఉంది. ఇవన్నీ బలమైన నిబంధనలే. అయితే చెల్లించామని యజమాని నిరూపించవలసిన ఘట్టం రావాలంటే, అంతకుముందు తాను ఆ దుకాణంలో పనిచేశానని ఆ వ్యక్తి చూపగలగాలి. కాగితం లేని చోట చాలా ఫిర్యాదులు ఆ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. ఒప్పందం అందనివారికి ఫోనులో వచ్చిన చెల్లింపు వివరం, పనికి రమ్మని యజమాని పంపిన సందేశం, రోజూ వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాసుకున్న చిన్న పుస్తకం కొంతవరకు తోడ్పడతాయి.

కూలీకి బయట ఉన్న సంగతులు

పని పరిస్థితులు డబ్బుతోనే ముగియవు. దుకాణం పనిలో అతి పెద్ద శారీరక శ్రమ నిలబడటం. కేరళలోని కోజికోడ్‌లో వస్త్ర దుకాణాల మహిళలు కూర్చునే హక్కు కోసం సాగించిన పోరాటం ఫలితంగా ఆ రాష్ట్రం 2018లో చట్టాన్ని సవరించింది. తమిళనాడు 2021లో అదే బాట పట్టింది. నిలబడి పనిచేయవలసిన వారందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలన్న నిబంధన ఇప్పుడు కేంద్ర కోడ్‌లో కూడా ఉంది. పదిమందికంటే తక్కువ ఉన్న దుకాణానికి అది తప్పనిసరి కాకపోవచ్చు. కానీ ఒక స్టూలు వేయడానికి యజమాని చట్టం కోసం ఎదురుచూడవలసిన అవసరం లేదు.

రాత్రి వేళ మరో ప్రశ్న. సాయంత్రం ఏడు దాటాక మహిళలు పనిచేయాలంటే వారి సమ్మతి ఉండాలని, భద్రతకు ఏర్పాట్లు ఉండాలని కొత్త కోడ్ చెబుతోంది. పండుగ రోజుల్లో షట్టర్ దిగేది చాలా ఆలస్యంగా. చుట్టుపక్కల పల్లెల నుంచి పనికి వచ్చే యువతులకు ఇల్లు చేరే మార్గం ఏమిటన్నది కూలీ ఎంతో మాట్లాడుకునేటప్పుడే తేలవలసిన విషయం. ఇక దీపావళికి వెలిసే తాత్కాలిక బాణసంచా దుకాణాల సంగతి. పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ దుకాణంలోనూ పనికి పెట్టరాదు. పేలుడు పదార్థాలున్న చోట పద్దెనిమిది నిండని వారిని కూడా నియమించడం నేరం. సెలవులు కదా అని స్కూలు పిల్లలను బల్ల దగ్గర నిలబెట్టే అలవాటు ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కరలేదు.

యజమాని వైపు నుంచి

చిన్న వ్యాపారి ఇబ్బందులు నిజమైనవే. పండుగ ఇరవై రోజుల్లో జరిగే అమ్మకం మీదే అతని ఏడాది ఆధారపడి ఉంటుంది. సరుకు తెచ్చిన అప్పు తీరాలి. ఆన్‌లైన్ సంస్థల రాయితీలతో పోటీ పడాలి. ఆ సంస్థలు నియమించుకునే సంఖ్యలు కూడా చిన్నవి కావు. 2025 పండుగ సీజనుకు ఫ్లిప్‌కార్ట్ 2.2 లక్షల, అమెజాన్ లక్షన్నర తాత్కాలిక ఉపాధి అవకాశాలను ప్రకటించాయి. గిగ్ కార్మికుల విషయంలోనూ రోజుల లెక్కే ఎదురవుతుంది. 2025 డిసెంబరు చివర కేంద్రం వెలువరించిన ముసాయిదా నిబంధనలు సామాజిక భద్రతా ప్రయోజనాలకు ఒక సంస్థతో ఏడాదిలో 90 రోజుల పనిని అర్హతగా ప్రతిపాదించాయి. పండుగకు మాత్రమే పొట్లాలు చేరవేసే యువకుడు ఆ గీతకు చాలా దూరంలో ఉంటాడు.

అయినా రాతపూర్వక ఒప్పందం వ్యాపారికి భారం కాదు. తేదీలు, గంటలు, రేటు, అదనపు గంటల రేటు, వారపు సెలవు, చెల్లింపు రోజు, ఈ ఆరు సంగతులకు ఒక పేజీ చాలు. సరుకు పద్దు ప్రతి సాయంత్రం రాసుకునే వ్యాపారికి మనిషి పద్దు రాసుకోవడం కష్టం కాదు. పైగా మూడేళ్లలోపు ఎవరైనా క్లెయిము వేస్తే, చెల్లించానని నిరూపించుకోవడానికి అతనికి దిక్కు కూడా ఆ కాగితమే.

గీతలు గీసే పద్ధతికి ప్రత్యామ్నాయాలు ఇతర దేశాల్లో ఉన్నాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి మొదలైన సెలవు సంవత్సరాల్లో, పని గంటలు నిలకడగా లేనివారికి, ఏడాదిలో కొంతకాలమే పనిచేసేవారికి పనిచేసిన గంటల్లో 12.07 శాతం చొప్పున వేతనంతో కూడిన సెలవు జమ అవుతుంది. మూడు వారాల క్రిస్మస్ ఉద్యోగానికీ అది వర్తిస్తుంది. ఆస్ట్రేలియాలో తాత్కాలిక పనివారికి సెలవుల వంటి ప్రయోజనాలు లేనందుకు బదులుగా సాధారణంగా 25 శాతం అదనపు రేటు చెల్లిస్తారు. రెండు పద్ధతుల్లోనూ సూత్రం ఒకటే. కొద్ది రోజుల పనికి కొద్దిపాటి హక్కు ఉండాలి తప్ప, హక్కే లేకుండా పోకూడదు. మన చట్టంలోని నిష్పత్తి సూత్రం కూడా ఆ దారిలోదే. అయితే దాని తలుపు రాతపూర్వక ఒప్పందంతో మాత్రమే తెరుచుకుంటుంది. ఒప్పందం రాయాలా వద్దా అన్న నిర్ణయం ఆచరణలో యజమాని చేతిలో ఉండటమే ఇందులోని బలహీనత.

రాబోయే దసరాకు ముందు

కోడ్‌ల కింద నిబంధనలు రూపొందించే బాధ్యతలో రాష్ట్రాలకు పెద్ద పాత్ర ఉంది. పరివర్తన కాలంలో పాత నిబంధనలు, కొత్త కోడ్‌లకు విరుద్ధం కానంత వరకు, కొనసాగుతాయని కేంద్రం తెలిపింది. ఈ వ్యవధిని కార్మిక శాఖ, పురపాలక సంస్థ, వర్తక సంఘాలు సద్వినియోగం చేసుకోవచ్చు. హిందీలోనూ, స్థానిక భాషల్లోనూ ఒక పేజీ నమూనా ఒప్పందాన్ని అందుబాటులో ఉంచవచ్చు. అక్టోబరులో సవరించిన కనీస వేతనం రేట్లను బజారులో అందరికీ కనిపించేలా ప్రదర్శించవచ్చు. బాణసంచా దుకాణాలకు తాత్కాలిక అనుమతి ఇచ్చేటప్పుడే పనివారి వయసు వివరాలు తీసుకోవచ్చు. వీటిలో దేనికీ కొత్త చట్టం అవసరం లేదు.

బచేలికి ఈ విషయంలో ఒక అనుకూలత ఉంది. జీతం చీటీ అంటే ఏమిటో, అదనపు గంటల లెక్క ఎందుకు రాయాలో ఈ ఊరికి దాదాపు ఐదు దశాబ్దాలుగా తెలుసు. గని ఉద్యోగి తన చీటీలో ఒక్క రోజు తగ్గినా ప్రశ్నించగలడు. పండుగ పూట అతను కుటుంబంతో దుకాణానికి వెళ్లినప్పుడు, కౌంటరు అవతల నిలబడి ఉన్న అమ్మాయి అతని పక్కింటి కూతురే కావచ్చు. ఆమె కొలువు నెల రోజులదే. ఆ నెల రోజులకు లెక్క రాసి ఇవ్వడం ఆమె విషయంలో బజారు తీర్చవలసిన కనీస బాధ్యత.